పట్టపగలు నాలుగు చుక్కలు

పోయినవారం పళ్ళ డాక్టరుగారిని ఆయన ఇంటి గేటు ముందే నోరు తెరిపించి నిలబెట్టి, మనం ఎవరి పనుల మీద వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, వారం రోజులుగా ఆ నోరు తెరిచే ఉంది. ఊళ్ళోవాళ్ళందరి నోళ్ళూ తెరిపించి లోపలికి తొంగిచూసే మనిషికి ఇది తగిన శాస్తే గానీ, ఈగలు దూరకముందే కథ అందుకుందాం.

మరిచిపోయినవాళ్ళకి నాలుగు ముక్కలు. డాక్టరుగారు తన ఇంటి గేటు పని సొంత బావమరిదికే అప్పజెప్పారు. అతను వెల్డరు. చేతిలో ఎప్పుడూ నిప్పురవ్వలే కాబట్టి ఊరంతా 'రవ్వ' అంటుంది. గేటు తగిలించిన రోజే, అంటే కిందటి గురువారం, బావకీ బావమరిదికీ చెడింది. ఇనుము అతికినవాడికి బావతో మాత్రం అతకలేదు. రవ్వని వీధిలోకి గెంటి, అతని వెల్డింగ్ మిషనునీ, దానితోపాటు మొహానికి పెట్టుకునే కొత్త అద్దాన్నీ మాత్రం "పని చెడగొట్టినందుకు జప్తు" అని డాక్టరుగారు వెనక వరండాలో పెట్టేసుకున్నారు. సోమవారం రంగులవాడు వచ్చి గేటుకి ఆకుపచ్చ రంగు పూసిపోయాడు. మంగళవారం పదకొండింటికీ ఒంటిగంటకీ మధ్య, డాక్టరుగారు క్లినిక్కులోనూ, ఆయన భార్య, అంటే రవ్వ అక్క, బజారులోనూ ఉండగా ఇంట్లో సామాను పోయింది. గేటుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. గోడమీద గాజు పెంకు ఒక్కటీ కదల్లేదు. గేటు ఎనిమిదడుగులు, దొంగ ఆచూకీ మాత్రం అంగుళం కూడా లేదు.

ఈ గురువారం సాయంత్రం నాలుగింటికి ఫిర్యాదు కాగితం జేబులో పెట్టుకుని స్టేషనుకి బయల్దేరిన డాక్టరుగారికి సరిగ్గా గేటు దగ్గరే రవ్వ అడ్డం తగిలాడు. ఆ కాగితంలో రవ్వ పేరుంది. గేట్లు చేసేవాడి మీద దొంగ అన్న మాట పడిందంటే, వాడి చేత కోళ్ళగూటికి తలుపు కూడా ఎవరూ చేయించుకోరు. అక్క ఇంటి గుమ్మం సరే సరి, అది శాశ్వతంగా మూతపడుతుంది.

"దారి వదలరా" అన్నారు డాక్టరుగారు, నోరు మూసి తెరిచి.

"వదులుతాను బావగారూ. ముందు ఆ కాగితంలో నా పేరు వదిలెయ్యండి."

"వదలను. పన్ను పట్టుకున్నా మనిషిని పట్టుకున్నా మధ్యలో వదిలే అలవాటు నాకు లేదు."

"పీకేదాకా వదలరు. తెలుసు. మా అక్కని చూస్తే తెలుస్తోంది."

ఎదురింటి అరుగు మీద కుర్చీ కిర్రుమంది. ఆ కుర్చీలో కూర్చునేది టైపిస్టు పిన్ని. ముప్ఫయ్యేళ్ళు ఆఫీసులో టైపు కొట్టి రిటైరైన మనిషి. ఇప్పుడు కొట్టడానికి టైపు లేదు కాబట్టి వీధిలో వచ్చేపోయేవాళ్ళని కళ్ళతో టకటకా కొట్టుకుంటూ ఉంటుంది. ఆవిడ తలుపు పొద్దున తెరిస్తే రాత్రి పడుకోబోయేటప్పుడే మూసేది. ఈ రోజు మాత్రం ఎందుకో వీధి తలుపు దగ్గరకి లాగేసి, దానికి వీపు ఆనించినట్టు కుర్చీ వేసుకుంది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మీరు పట్టించుకుంటే పట్టించుకోండి.

"వినండి పిన్నిగారూ, మీరూ వినండి!" డాక్టరుగారు సాక్షిని పిలిచారు. "ఈ గేటుకి రెండు రెక్కలు, నాలుగు బందులు. స్తంభంలో పాతిన మేకు మీదకి గేటు గొట్టాన్ని దించాడు వీడు. మేకు నెత్తిన చుక్క పెట్టలేదు. అడుగునుంచి ఎత్తితే రెక్క మొత్తం ఊడి చేతికొస్తుంది. దొంగ ఎత్తాడు, పక్కన పెట్టాడు, దోచుకున్నాడు, మళ్ళీ తగిలించిపోయాడు. నోట్లోంచి కట్టుడు పళ్ళు తీసి పెట్టుకున్నంత సులువుగా! తాళం వేసింది వేసినట్టే. మేకు నెత్తి బోడిగా ఉందని ఈ భూమ్మీద ఎవరికి తెలుసు? చేసినవాడికే!"

ఇక్కడ ఆ చుక్క సంగతి చెప్పకపోతే కథ బందు ఊడుతుంది. రవ్వ వాళ్ళ నాన్న కాలంనుంచీ ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. గేటు తగిలించాక ఇంటివాళ్ళు తమ చేత్తో మూడుసార్లు తెరిచి మూసి, 'బాగుంది' అనాలి. ఆ మాట వచ్చాకే మేకు నెత్తిన కరిగిన ఇనుము చుక్క ఒకటి పడుతుంది. అది గట్టిపడ్డాక గేటుని ఎత్తడం దొంగ తరమూ కాదు, దొరతనం తరమూ కాదు. చుక్కంటే ఆ షెడ్డు సంతకం. డాక్టరుగారు గేటుని మూడుసార్లు కాదు ముప్ఫైసార్లు తెరిచి మూశారు. బాగుందని మాత్రం అనలేదు. ఆయన బాగుందన్న పన్ను ఊళ్ళో ఎవరి నోట్లోనూ లేదు. బాగుందంటే పీకేదేముంది?

"నాకు తెలుసు. మీకూ తెలుసు" అన్నాడు రవ్వ. "మీకు ముందే చెప్పానుగా. చుక్క పడేదాకా ఇల్లు ఒంటరిగా వదలకండని చెప్పాను. 'ఎత్తుకుపోతే నువ్వే ఎత్తుకుపోవాలి' అన్నారు. అప్పుడది జోకనుకున్నాను."

"నేను జోకులెయ్యను."

"ఔను. మీ జోకులకి మత్తు ఇంజెక్షను కావాలి."

టైపిస్టు పిన్ని కిసుక్కుమంది. డాక్టరుగారి చెవులు గేటు పైనున్న బల్లేల్లాగా నిక్కబొడుచుకున్నాయి.

"నవ్వండి పిన్నిగారూ. రేపు మీ ఇంటికీ వీడే గేటు పెడతాడు. గేటుతోపాటు దొంగకి దారి కూడా వీడే పెడతాడు."

"దారి పెట్టింది నేనా, మీరా?" రవ్వ గొంతు పెరిగింది. "నేనేం చెప్పాను? నాలుగున్నర అడుగుల గేటు, ముప్ఫై రెండు నిలువు చువ్వలు. మీ వృత్తికి తగ్గట్టు సరిగ్గా ముప్ఫై రెండు! చువ్వల సందులోంచి ఇంట్లోవాళ్ళకి వీధి కనపడుతుంది, వీధికి ఇల్లు కనపడుతుంది. దొంగకి భయం ఇనుమంటే కాదు బావగారూ, కళ్ళంటే. మీరేమన్నారు? ఎనిమిదడుగులు లేపమన్నారు. చువ్వలమీద రేకు కప్పమన్నారు. నవ్వే నోటికి గుడ్డ కట్టినట్టు!"

"వీధిలోవాళ్ళ చూపు నా ఇంటిమీద పడకూడదని కప్పమన్నాను. తప్పా?"

"వీధిలోవాళ్ళంటే నేనే" అంది పిన్ని, ఎటువంటి మొహమాటమూ లేకుండా. "ఇరవయ్యేళ్ళుగా మీ వాకిలి నేను చూస్తుండగా మీ ఇంట్లో చెంచా పోలేదు డాక్టరు బాబూ. నన్ను కప్పేసిన అయిదో రోజున పెట్టెలు పోయాయి. మంగళవారం పదకొండుంపావుకి గేటు చప్పుడు విన్నాను. బండి ఆగిన చప్పుడు విన్నాను. చూద్దామంటే ఏముంది? రేకు! పువ్వు రేకైతే సాయంత్రానికి వాడుతుంది. ఇది వాడదు, విచ్చుకోదు."

"గోడ లోపలికి వచ్చేదాకానే దొంగకి భయం" అన్నాడు రవ్వ. "వచ్చాడా, ఇక మీ ఎనిమిదడుగుల రేకు వాడికే కాపలా. లోపల తాపీగా కూర్చుని పేపరు చదువుకోవచ్చు. చువ్వలైతే పిన్ని కేక పెట్టేది."

"పిన్ని కేక పెట్టకుండా ఏ రోజుందిరా?"

"అందుకే ఇరవయ్యేళ్ళు దొంగ రాలేదు!"

ఇద్దరూ గేటుకి చెరోవైపు చెయ్యి ఆనించి, మధ్యలో ఉన్న గాలిని కొరికేసేలా చూసుకున్నారు. రేకు వెనక, వాకిట్లో ఎవరో అడుగు వేసి ఆగిన చప్పుడైంది. అక్క. రెండ్రోజులుగా ఆమె మాట్లాడటం ఎవరూ వినలేదు.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి డాక్టరు బాబూ" అంటూ పిన్ని వీధి దాటి వచ్చింది. వచ్చేముందు తలుపు సరిగ్గా పడిందో లేదో ఒకసారి వెనక్కి చూసుకుంది. "మీ రాత మందుల షాపువాడికి తప్ప ఎవరికీ అర్థం కాదు. స్టేషనులో వాళ్ళు దొంగని వదిలేసి అక్షరాలని వెతుక్కుంటారు. తప్పులుంటే దిద్దిస్తాను."

ముప్ఫయ్యేళ్ళు ఆఫీసరు రాతలు దిద్దిన మనిషి చెయ్యి చాపితే కాగితం దానంతట అదే వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయింది. పిన్ని కళ్ళద్దాలు ముక్కుమీదకి దించి, రేకు అవతలివాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా చదివింది.

"పోయిన వస్తువులు. ఒకటి, కుట్టు మిషను. రెండు, ఆకుపచ్చ ట్రంకు పెట్టె. మూడు, పాత రేడియో. నాలుగు, వెల్డింగ్ చేసేటప్పుడు మొహానికి పెట్టుకునే అద్దం, పాతది. అయిదు, చదువు సర్టిఫికెట్లు ఉన్న సంచి." పిన్ని తలెత్తింది. "మీ లాప్‌టాపు?"

"ఉంది."

"మీ చేతి గడియారాలు?"

"ఉన్నాయి."

"మరి మీవేం పోయాయి డాక్టరు బాబూ?"

"అదేం ప్రశ్న? ఇల్లు నాది. ఇంట్లో ఉన్నవన్నీ నావే."

రేకు వెనక మళ్ళీ చప్పుడు. ఈసారి అడుగు కాదు, ఊపిరి.

"చూశారా మరి!" డాక్టరుగారికి ఆ జాబితాలోంచే కొత్త పన్ను మొలిచింది. "మామూలు దొంగ లాప్‌టాపు వదిలేసి తుప్పు పట్టిన అద్దం ఎత్తుకుపోతాడా? ఆ రేడియో, ఆ అద్దం ఎవరివి? వీళ్ళ నాన్నవి! పోతూపోతూ కూతురికిచ్చాడు ముసలాయన. అవి ఈ లోకంలో ఎవరికి కావాలి? వీడికి! కొడుకునై ఉండి నాకు దక్కలేదన్న కుళ్ళు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను."

రవ్వ మొహంలో రక్తం ఇంకిపోయింది. బావగారు ఇన్నాళ్ళూ తిట్టినవన్నీ ఒక ఎత్తు. నాన్న అద్దం కోసం అక్క ఇంటికి కన్నం వేశాడన్నది ఒక ఎత్తు.

"ఎత్తాననేగా మీ మాట?" అతను స్కూటరు దగ్గరికి వెళ్ళి గడ్డపార తెచ్చాడు. "ఒక్కో రెక్కా ఇద్దరు మనుషులు మోసేంత బరువు. ఒక్కణ్ణి ఎత్తి, దించి, మళ్ళీ నాలుగు మేకులు చూసుకుని తగిలించగలనేమో మీరే చూడండి. ఎత్తగలిగితే ఆ కాగితం నేనే స్టేషనుకి పట్టుకెళ్తాను."

సగం తెరిచి ఉన్న కుడి రెక్క కిందకి గడ్డపార దూర్చాడు. కింద రాయి పెట్టాడు. రెండు చేతులా వేలాడాడు. మెడనరాలు తాళ్ళయ్యాయి. రెక్క కదల్లేదు.

"నాటకం" అన్నారు డాక్టరుగారు.

"అయితే మీరు పాత్ర వెయ్యండి."

డాక్టరుగారు చొక్కా చేతులు మడిచి, గడ్డపార మీద తన బరువంతా పడేశారు. ఆయన బరువు చిన్నదేం కాదు. గడ్డపార వంగింది. చొక్కా గుండీ ఒకటి ఎగిరి పిన్ని కాళ్ళ దగ్గర పడింది. గేటు నువ్వుగింజంత కూడా లేవలేదు.

రవ్వకి ఏదో తట్టింది. బరువైన గేటు లేవకపోతే మూలుగుతుంది, కనీసం గొట్టంలో కిర్రుమంటుంది. ఇది మూలగలేదు. నోరు కట్టేసినట్టుంది. రెక్క వెనక్కి వెళ్ళి పైబందు వైపు తలెత్తి చూశాడు.

మేకు నెత్తిన చుక్క ఉంది.

కింది బందు చూశాడు. ఉంది. ఎడమ రెక్కకి పరుగెత్తాడు. పైన ఉంది, కింద ఉంది. నాలుగు బందులు, నాలుగు చుక్కలు. వాటి మీద సోమవారం రంగులవాడు పూసిన ఆకుపచ్చ రంగు, ఎక్కడా పగలకుండా, తళతళా ఉంది. అంటే చుక్కలు సోమవారానికి ముందే పడ్డాయి. మంగళవారం ఈ గేటుని ఎవరూ ఎత్తలేదు. ఎత్తలేరు. వచ్చినవాళ్ళు తాళం తీసుకునే వచ్చారు, తాళం వేసుకునే పోయారు.

రవ్వ బొటనవేలితో పై చుక్కని తడిమాడు. చుక్కకి సన్నగా ఒక తోక ఉంది. ఎడమవైపుకి.

కుడిచేతివాటం వెల్డరుకి చుక్క తోక కుడివైపు సాగుతుంది. రవ్వది కుడిచెయ్యి. అతనికి తెలిసి ఎడమచేత్తో రాడ్డు పట్టిన మనిషి ఒక్కరే. చిన్నప్పుడు షెడ్డులో, నాన్న భోజనానికి వెళ్ళిన సందు చూసుకుని, ఆయన అద్దం మొహానికి పెట్టుకుని తుక్కు ఇనుము మీద చుక్కలు పెట్టేది. నాన్న వచ్చి చూసి, "చుక్క పెట్టవే అంటే తోకచుక్క పెట్టావు" అని నవ్వేవాడు. నవ్వి, మళ్ళీ పెట్టించేవాడు. ఆ పిల్లని పళ్ళ డాక్టరుకిచ్చి చేశాక, ఇనుము తుప్పు నా ఇంటికి అంటించొద్దని అల్లుడుగారు షెడ్డు గడప తొక్కనివ్వలేదు.

రవ్వ రేకు వంక చూశాడు. రేకు అతని వంక చూడలేదు. చూడటానికి దానికి సందే లేదు.

ఇప్పుడు నోరు తెరిచి "చుక్కలు ఉన్నాయి, పెట్టింది నేను కాదు, అక్క" అంటే చాలు. తను బయటపడతాడు. అక్క లోపలపడుతుంది. తాళంచెవులు మూడే. ఒకటి డాక్టరుగారి జేబులో, ఒకటి క్లినిక్కు సొరుగులో, మూడోది అక్క దగ్గర.

"ఏంట్రా అక్కడ?" డాక్టరుగారు రొప్పుతూ వచ్చి, తలెత్తి చూసి, కళ్ళు చిట్లించారు. "చుక్క! చుక్క లేదన్నావే?"

"ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఈ గేటు పైన నీలం వెలుగు చూశాను" అంది పిన్ని మెల్లిగా. ఆ మాట డాక్టరుగారికి చెబుతున్నట్టు లేదు, రేకుకి చెబుతున్నట్టుంది. "వెల్డింగే. మనిషి కనపడలేదు."

"నేనే పెట్టాను" అన్నాడు రవ్వ.

పిన్ని ఉలిక్కిపడి అతని వంక చూసింది.

"ఆదివారమా?" డాక్టరుగారి గొంతు ఒక్కసారిగా తీపెక్కింది. పుచ్చుపన్ను దొరికినప్పుడు ఆయన గొంతు అలాగే మారుతుంది. "నేను క్లినిక్కులో, మీ అక్క లోపల పడక. నా వరండాలో ఉన్న మిషను తీసి, నా కరెంటుతో, నన్నడక్కుండా పెట్టావు. అంతేనా?"

"అంతే."

"తాళంచెవి ఎక్కడిది?"

రవ్వ వంగి, గేటు కిందున్న గడ్డపారని చేతిలోకి లాక్కున్నాడు. అబద్ధానికి ముందు చుక్క పెట్టాడు గానీ వెనక గొట్టం పెట్టలేదు.

"తాళం ఉంది నీ దగ్గర! ఆదివారం తీశావు, మంగళవారమూ తీశావు!" డాక్టరుగారు పిన్ని చేతిలోంచి కాగితం లాక్కుని, స్తంభానికి ఆనించి, జేబులోని కలంతో చివర ఒక వాక్యం బరబరా గీకారు. "నిందితుడు తన నోటితోనే ఒప్పుకున్నాడు. సాక్షి, ఎదురింటి పిన్నిగారు. అయిపోయింది! ఈ ఊళ్ళో నీ చేత ఎలుకల బోను కూడా చేయించుకోరు ఇక."

"రాసుకోండి. అక్క పేరు మాత్రం ఎక్కడా రాయకండి."

"మీ అక్క పేరెందుకు వస్తుందిరా?"

"ఎందుకంటే చుక్క పెట్టింది నేను కాబట్టి."

ఈ మాటన్నది రవ్వ కాదు. సగం తెరిచిన రెక్కల మధ్య రవ్వ అక్క నిలబడి ఉంది. కుడిచేతిలో తాళంచెవి. ఎడమచేతి చూపుడువేలి మీద, ఆదివారానికి ముందు లేని ఒక చిన్న కాలిన మచ్చ.

"నువ్వు లోపలికి వెళ్ళు" అన్నారు డాక్టరుగారు.

"వెళ్తాను. చెప్పి వెళ్తాను. మా నాన్న షెడ్డులోంచి వచ్చిన గేటు ఏదీ చుక్క లేకుండా వీధిలో నిలబడలేదు. మీరు బాగుందని అనరు, వీడు అనందే పెట్టడు. మీ ఇద్దరి పట్టుదల మధ్య ఇల్లు బోడినెత్తితో ఉంది. నేను పెట్టాను. మంగళవారం ఈ తాళం తీసిందీ నేనే. కుట్టు మిషను నాది. ట్రంకు నాది. రేడియో, అద్దం మా నాన్నవి, నాకిచ్చినవి. సర్టిఫికెట్ల మీద నా పేరుంది. నావి నేను తీసుకెళ్ళాను."

"ఎక్కడికి?"

"ఆ రోజు మీకు అదే చెబుదామని అన్నం వడ్డించి కూర్చున్నాను. మీరు గుమ్మంలోంచే 'దొంగ' అని అరిచారు. రెండ్రోజులు చూశాను. పోయినవన్నీ ఎవరివో, మీకెప్పటికైనా తడుతుందేమోనని. మీ చేత్తో మీరే జాబితా రాశారు. అప్పటికీ తట్టలేదు."

"పరువు తియ్యకు! వీధిలో..."

"వీధిలో ఏం కనపడుతుందండీ? రేకుందిగా." ఆమె తమ్ముడి వంక చూసింది. "ఒరేయ్, నాకోసం దొంగనని ఒప్పుకుంటావా? నాన్నుంటే చెంప పగలగొట్టేవాడు."

రవ్వ తల దించుకున్నాడు. గడ్డపార ఇంకా చేతిలోనే ఉంది.

ఆమె లోపలికి అడుగు వేసి, రెండు రెక్కలూ రెండు చేతులతో దగ్గరికి లాగింది. గేటు మూసుకుంది. చప్పుడు లేకుండా, మంచి గేటు ఎలా మూసుకోవాలో అలా. తర్వాత లోపలి గడియ పడింది. డాక్టరుగారి జీవితంలో మంచి గడియ అంతటితో అయిపోయింది.

"ఏయ్! తియ్యి!"

రేకు వెనక్కి బరువైనదేదో ఈడ్చుకొస్తున్న చప్పుడు. ఆ చప్పుడు రవ్వకి తెలుసు. ఆ మిషనుకి ఒక చక్రం లేదు.

"వినండి" అంది లోపలినుంచి ఆమె గొంతు, తొణక్కుండా. "గడియకి నాలుగు మూలలు. నాలుగు చుక్కలు పెడతాను. నాలుగోది పడేలోగా ఆ కాగితం ముక్కలై గేటు కిందనుంచి లోపలికి రావాలి. వచ్చాక, ఇది మూడుసార్లు మూసినట్టే అనుకుని, వాడి మొహం చూసి 'బాగుంది' అనాలి."

"అననంటే?"

సమాధానంగా మిషను గుర్రుమంది. రేకు పైఅంచు మీద, బల్లేల మధ్య, నీలం వెలుగు ఒకటి భగ్గున లేచి ఆరింది.

"ఒకటి" అంది పిన్ని, అలవాటుకొద్దీ.

డాక్టరుగారు గేటుకి అడ్డంపడ్డారు. కాలు మోపే చోటు లేదు. తనే వద్దన్నారు. చెయ్యి దూర్చే సందు లేదు. తనే కప్పించారు. గోడ వైపు పరుగెత్తారు. ఆయన దగ్గరుండి అతికించిన గాజు పెంకులు, ఆయన పీకిన పళ్ళన్నీ పగ పట్టి తిరిగొచ్చినట్టు వరసగా ఇకిలించాయి. దొంగ రాకుండా చేసిన ప్రతి ఏర్పాటూ ఇప్పుడు ఆయన్నే చూసి, తమరెవరని అడిగింది.

మళ్ళీ వెలుగు.

"రెండు."

"కోయిస్తాను! గ్రైండరు పెట్టి కోయిస్తాను!" డాక్టరుగారు గిర్రున తిరిగారు. ఊళ్ళో గ్రైండరున్న వెల్డరు ఒక్కడే. ఆ ఒక్కడూ ఎదురుగా గడ్డపారకి గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. వాడి పేరే చేతిలోని కాగితంలో ఉంది.

"నన్ను చూడకండి బావగారూ. నేను దొంగని. నా చేత ఎలుకల బోను కూడా చేయించుకోరు."

మూడో వెలుగు లేచింది. ఇది కాస్త ఎక్కువసేపు నిలిచింది. పట్టపగలు చుక్కలు చూపించడమంటే ఇన్నాళ్ళూ సామెతనుకున్న ఆ వీధికి అది కళ్ళారా కనపడింది. తర్వాత మిషను ఆగింది. రాడ్డు అయిపోయింది. కొత్త రాడ్డు బిగించడానికి వాళ్ళ నాన్నకి మూడు ఊపిర్లు పట్టేది. అక్కకి నాలుగు.

కాగితం ఇంకా డాక్టరుగారి చేతిలోనే ఉంది. చింపలేదు. మడవలేదు. ఆఖరి ఆశగా, ఈ ప్రపంచంలో తన పక్షాన మాట్లాడే మనిషి కోసం ఆయన వెనక్కి, వీధి వైపు తిరగబోయారు.

"పిన్నిగారూ, మీరైనా..."

అప్పుడే గాలి వీచింది. ఎదురింటి అరుగుమీద, ఖాళీ కుర్చీ వెనక, దగ్గరకి లాగిన తలుపు మెల్లగా వెనక్కి జరిగింది. ఆ సందులో, గోడ పక్కన, ఆకుపచ్చ ట్రంకు పెట్టె. దాని మీద కుట్టు మిషను. మిషను మీద, చాలాకాలానికి ఎవరో తుడిచిపెట్టినట్టు మెరుస్తున్న నాన్న అద్దం. ఆ గోడ మీద, ఎడమచేతి వాటంగా సుద్దముక్కతో కొలతలు గీసిన ఒక కొత్త గేటు బొమ్మ. ముప్ఫై రెండు చువ్వలు.

పిన్ని మొహం కాగితంలా తెల్లబడింది.

అది చూసిన రవ్వ గడ్డపార పారేసి ఒక్క గెంతులో బావగారి ముందుకి దూకి, రెండు చేతులతో ఆయన తలని పట్టుకుని బలవంతంగా గేటు వైపుకి తిప్పాడు.

"అటు కాదు! కళ్ళు మూసుకోండి బావగారూ" అన్నాడు. "నాలుగోది పడబోతోంది. ఇప్పుడు చూశారంటే మీ కళ్ళు పోతాయి."